‘తలరాత’ అన్న మాట కొట్టేయి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం మూడో పేరా దగ్గర ఆగిపోయాను. ‘ఈ జన్యువుతో పుట్టినవారి తలరాత క్యాన్సరే’ అని రాశావు. ఆ వాక్యం చదివి రాత్రంతా నిద్రపట్టని మనిషి ఒకరుంటారని నీకు తోచలేదా?

అసలు సంగతి నువ్వు రాసినదానికన్నా ఎంతో లోతైనది. నువ్వు రాసిన ఆ జన్యువు తయారుచేయించే మాంగనీస్ సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ అనే ఎంజైము, కణంలో శక్తిని పుట్టించే మైటోకాండ్రియాలోకి వెళ్లి పనిచేయాలి. దాన్ని అక్కడికి చేర్చే తోకలాంటి ముక్కలో 16వ స్థానాన కొందరికి వాలీన్ అనే అమైనో ఆమ్లం, కొందరికి అలనీన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. అలనీన్ ఉంటే ఎంజైము సులువుగా లోపలికి పోతుంది. వాలీన్ ఉంటే కొంత పొరలోనే చిక్కుకుంటుంది. ఎక్కువ చేరితే మేలే కదా అనిపిస్తుంది. కానీ అది కణానికి హాని చేసే సూపరాక్సైడును విరిచి తయారుచేసేది హైడ్రోజన్ పెరాక్సైడును. దాన్ని నీరుగా మార్చాల్సిన కెటలేజ్, గ్లూటాథియోన్ పెరాక్సిడేజ్ అనే ఎంజైములు వెనకబడితే ఆ మేలే కీడవుతుంది. 1999లో వెలువడిన ఒక అధ్యయనంలో అలనీన్ రూపం ఉండి, ఇంకా ముట్లుడగని స్త్రీలలో, అందునా పళ్లు, కూరగాయలు తక్కువగా తినేవారిలో రొమ్ము క్యాన్సర్ ముప్పు ఎక్కువగా కనిపించింది. తర్వాత అనేక అధ్యయనాలను కలిపి లెక్కించినప్పుడు మొత్తంమీద చెప్పుకోదగ్గ సంబంధం తేలలేదు. ఎవరిలో, ఏ పరిస్థితిలో, ఎంత? ఈ మూడూ లేకుండా ‘ముప్పు’ అన్న మాట రాయకు.

ఇంత కోపం ఎందుకంటే, ఆ తప్పు నేనూ చేశాను. తొంభైల మొదట్లో, క్యారెట్లలో ఉండే బీటా కెరోటిన్‌ను మాత్రలుగా మింగితే అవి పొగతాగేవారిని క్యాన్సర్ నుంచి కాపాడవచ్చని రాశాను. ‘ఇంకా రుజువు కాలేదు’ అన్న వాక్యాన్ని స్థలం చాలదని సంపాదకుడు తీసేశాడు. నేను పోట్లాడలేదు. 1994లో ఫిన్లండ్ పరీక్ష ఫలితాలు వచ్చాయి: పొగతాగే 29,133 మంది మగవారిలో బీటా కెరోటిన్ మింగినవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ. నా వ్యాసం కత్తిరించి దాచుకుని, మాత్రలు కొన్న ఒక పాఠకుడు ఆ కత్తిరింపునే నాకు తిప్పి పంపాడు. అంచులు పసుపెక్కిన ఆ కాగితం ఇప్పటికీ నా సొరుగులో ఉంది. స్థలం చాలదనే సంపాదకులకు ‘రుజువు కాలేదు’ అన్న రెండు మాటలే ఎప్పుడూ బరువవుతాయి. వాటి కోసం పోట్లాడు.

ఎక్కడ అచ్చవుతుందని అడిగావు. ఆ సంగతి తర్వాత. మీ అమ్మగారు రిపోర్టును నాలుగు మడతలు పెట్టి కళ్లజోడు పెట్టెలో దాచిన పేరాలో మాత్రం ఒక్క అక్షరం కదపకు. మూడో పేరా తిరగరాసి పంపు.