పెద్ద టీవీకి అప్పు చేస్తే, మళ్లీ బుడమేరు పొంగిన నాడు ఏం చేస్తారు?

ప్రశ్న: మేము విజయవాడ అజిత్‌సింగ్‌నగర్‌లో అద్దె ఇంట్లో, కింది అంతస్తులో ఉంటున్నాం. నా వయసు 33. ప్రైవేటు ఉద్యోగంలో నెలకు రూ. 48,000 చేతికి వస్తుంది. ప్రైవేటు పాఠశాలలో పనిచేసే నా భార్య జీతం రూ. 14,000. నాలుగేళ్ల పాప, మధుమేహం ఉన్న అమ్మ మాతోనే ఉంటారు. 2024 బుడమేరు వాగు వరదలో టీవీ, ఫ్రిజ్, పాత బైకు పోయాయి. బైకుకు ఐదేళ్ల బీమా ఉందనుకున్నాం కానీ పరిహారం రాలేదు. అప్పుడు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన రూ. 60,000 ఈ మధ్యనే తీరింది. నేను, నా ఏడుగురు స్నేహితులు మోటోజీపీ (ప్రపంచ స్థాయి మోటారు సైకిల్ రేసులు) అభిమానులం. ఇద్దరు స్నేహితుల ఇళ్లలో 55 అంగుళాల టీవీలున్నా, మా ఇల్లు అందరికీ దగ్గర కాబట్టి ప్రతి రేసు ఆదివారం ఇక్కడే కలుద్దామనుకుంటున్నాం. 65 అంగుళాల టీవీ, సౌండ్‌బార్, హాలుకు ఏసీ, ఇన్వర్టర్ కలిపి రూ. 1,60,000 అవుతుంది. రేసుకు తలా రూ. 500 ఇస్తామని స్నేహితులు అంటున్నారు. యాప్‌లో ముందే మంజూరైన వ్యక్తిగత రుణం తీసుకోవాలా, క్రెడిట్ కార్డుపై వడ్డీ లేని వాయిదాల్లో కొనాలా, 20 నెలల లక్ష రూపాయల చీటీలో 8 నెలలు కట్టాను కాబట్టి దాన్ని ఇప్పుడే పాడుకోవాలా? టీవీలపై జీఎస్టీ తగ్గింది కనుక ఇంక ఆలస్యం చేయడం ఇష్టం లేదు. నెల ఖర్చుల పట్టిక జత చేశాను.
– ఒక పాఠకుడు, విజయవాడ

సమాధానం: మీరు అడిగిన మూడు దారుల్లో ఏదీ వద్దు. ఆపదలో చేసిన అప్పు తీరగానే, అంతవరకు ఆ అప్పుకు కట్టిన డబ్బును వెంటనే మరో వాయిదాకు అప్పగించడం చాలా కుటుంబాల్లో కనిపించే పొరపాటు. అప్పు తీరిన నెల నుంచి ఆ డబ్బు నిల్వగా మారాలి. అలా మారకపోతే తరువాతి ఆపద కూడా ఉత్త చేతులతో ఉన్నప్పుడే వస్తుంది. మీ ఉత్తరంలో ఈ పొరపాటు స్పష్టంగా కనిపిస్తోంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

2024 సెప్టెంబరు 1న బుడమేరు మళ్లింపు కాలువకు గండ్లు పడి సింగ్‌నగర్, పాయకాపురం, కండ్రిక, రాజరాజేశ్వరిపేట మునిగినప్పుడు మీ చేతిలో ఒక్క రూ. 60,000 ఉండి ఉంటే, వడ్డీకే నెలకు రూ. 1,800 కట్టవలసిన అవసరం వచ్చేది కాదు. నీట మునిగిన కింది అంతస్తు ఇళ్లకు ప్రభుత్వం ప్రకటించిన రూ. 25,000 సాయం వరద తగ్గాక వచ్చింది. పాలు, మంచినీళ్లు, మందులు, పాపకు బట్టలు, ఇల్లు కడిగించిన కూలి మాత్రం మొదటి వారంలోనే కావలసి వచ్చాయి. ఇవన్నీ అనుభవించిన మనిషి, అదే ఇంటి కింది అంతస్తులో, అదే హాలులో, రూ. 1,60,000 విలువైన విద్యుత్ పరికరాలను అప్పు మీద పెట్టాలని చూడడం నాకు నిజంగా ఆందోళన కలిగించింది.

మీ పట్టిక చూద్దాం. అద్దె రూ. 11,000, ఇంటి ఖర్చు రూ. 19,000, పాప బడి రూ. 4,000, బైకు వాయిదా రూ. 6,500, అమ్మగారి మందులు రూ. 3,000, పెట్రోలు, ఫోన్లు రూ. 5,000, చీటీ రూ. 5,000 కలిపితే రూ. 53,500. ఇద్దరి ఆదాయం రూ. 62,000 కాబట్టి మిగిలేది రూ. 8,500. బ్యాంకులో ఉన్నది రూ. 22,000. రేపు మీ ఉద్యోగం ఆగిపోతే, మీ భార్య జీతాన్ని లెక్కలోకి తీసుకోకుండా చూస్తే, ఆ డబ్బు పన్నెండు రోజులకు సరిపోతుంది. ఆమె జీతం కలుపుకున్నా నెల గడవదు. టీవీ ఎంత పెద్దది ఉండాలి, సౌండ్‌బార్ ఏది తీసుకోవాలి అన్న ప్రశ్నలకు ముందు ఈ పన్నెండు రోజుల సంగతి తేలాలి.

యాప్‌లో ముందే మంజూరైన రుణం అంటే మీ అవసరాన్ని, మీ ఇంటి పరిస్థితిని ఎవరో పరిశీలించి ఇచ్చిన అనుమతి అని భ్రమపడకండి. మీరు వాయిదాలు సక్రమంగా కట్టారు కాబట్టి ఇంకో వాయిదా కట్టించుకోవచ్చని వారు వేసుకున్న అంచనా అది. ఏడాదికి 18 శాతం వడ్డీ అనుకుంటే రూ. 1,60,000కు 24 నెలల వాయిదా దాదాపు రూ. 7,990 అవుతుంది. అంటే మీకు మిగిలే రూ. 8,500లో ఐదువందలు తప్ప అంతా రెండేళ్ల పాటు దానికే పోతుంది. వడ్డీ రూపంలో అదనంగా కట్టేది రూ. 31,000 పైమాటే, ప్రాసెసింగ్ రుసుము వేరు. ఈ రెండేళ్లలో పాపకు జ్వరం వచ్చి ఆసుపత్రిలో చేరినా, బైకు ఇంజను పాడైనా, మీరు మళ్లీ ఆ మూడు రూపాయల వడ్డీ మనిషి గుమ్మం ఎక్కవలసిందే. ఇంట్లో ఎవరి ప్రాణం మీదికీ రాలేదు, ఎవరి చదువూ ఆగలేదు. ఆదివారం సాయంత్రం ముప్పావు గంట సాగే రేసు కోసం రెండేళ్ల ఆదాయాన్ని తాకట్టు పెట్టడాన్ని నేను సమర్థించలేను.

కార్డు వాయిదాల గురించి ఎక్కువ చెప్పవలసిన పని లేదు. సున్నా శాతం వడ్డీ అనేది అసలు ఉండదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు తేల్చి చెప్పింది. ఒక్క నెల బిల్లు పూర్తిగా కట్టలేకపోతే కార్డుపై పడే వడ్డీ నెలకు మూడున్నర శాతం, కొన్ని కార్డులకు ఇంకా ఎక్కువ కూడా ఉంటుంది. ఇది మీరు కష్టపడి వదిలించుకున్న నూటికి మూడు రూపాయల వడ్డీ కంటే ఎక్కువ.

చీటీ విషయంలో మాత్రం మీరు లెక్క వేయకుండా రాశారని అనిపిస్తోంది. ఇప్పుడు రూ. 18,000 తగ్గించి పాడారనుకుందాం. చేతికి రూ. 82,000 వస్తుంది. మీ టీవీ, ఏసీల మొత్తంలో అది సగానికి కొంచెమే ఎక్కువ, కాబట్టి మిగతా దానికి మళ్లీ అప్పే. పైగా ఆ రూ. 82,000లో దాదాపు రూ. 40,000 మీరు ఇప్పటికే కట్టిన సొంత డబ్బు. నిజంగా కొత్తగా వచ్చింది రూ. 42,000 అయితే, దానికి రాబోయే పన్నెండు నెలల్లో కట్టవలసింది రూ. 60,000. డివిడెండు (ప్రతి పాటలో తగ్గించిన మొత్తంలో మీ వంతు) వచ్చి అది కొంత తగ్గినా ఈ బేరం మంచిది కాదు. మీ ఇంట్లో నిల్వ అని చెప్పుకోదగినది ఈ చీటీ ఒక్కటే, దాన్ని చివరిదాకా నడవనివ్వండి. అయితే అవసరమైన రోజున పాడుకోవచ్చులే అనే ధీమాతో దీన్ని అత్యవసర నిధిగా మాత్రం లెక్కించకండి. పాట నెలకు ఒక్కసారే జరుగుతుంది, ఆ రోజు మీకంటే అవసరం ఎక్కువ ఉన్నవారు ఎదురుగా ఉంటే చీటీ వారికే పోతుంది.

ఇక స్నేహితుల రూ. 500 సంగతి. ఏడుగురు తలా ఐదువందలు ఇస్తే రేసుకు రూ. 3,500, ఏడాదికి 22 రేసులు కాబట్టి రూ. 77,000, రెండేళ్లలో టీవీ డబ్బు తిరిగి వచ్చేస్తుందని మీరు లెక్కకట్టినట్టున్నారు. ఎనిమిది మందికి బిర్యానీ, పకోడీలు, కూల్‌డ్రింకులు తెప్పిస్తే ఆ రూ. 3,500లో మిగిలేది చిల్లరే. పైగా 22 రేసులకూ అందరూ రారు. వేసవిలో ఐరోపాలో జరిగే రేసులు మనకు సాయంత్రం 5:30 ప్రాంతంలో మొదలవుతాయి కాబట్టి వాటికి ఇల్లు నిండుతుంది. జపాన్, ఆస్ట్రేలియా రేసులు ఆదివారం ఉదయమే పడతాయి, అమెరికాలో జరిగేది అర్ధరాత్రి దాటాక వస్తుంది, మర్నాడు సోమవారం అందరికీ ఉద్యోగాలున్నాయి. 2023 నుంచి శనివారం స్ప్రింట్ (పొట్టి) రేసు కూడా ఉండడంతో రెండు రోజులూ కలుద్దామని ఎవరైనా అంటే మీ ఖర్చు పెరుగుతుందే తప్ప చందా పెరగదు. ఎనిమిది మంది కలిసి చూసే రేసుకు రుణపత్రంపై సంతకం మీ ఒక్కరిదే. స్నేహితులు మంచివారే కావచ్చు, కానీ ఒకరికి హైదరాబాదు బదిలీ అయినా, ఇంకొకరికి పెళ్లయినా ఆ చందా ఆగిపోతుంది, మీ వాయిదా ఆగదు. నోటి మాట మీద వచ్చే డబ్బును వాయిదాల లెక్కలో ఎప్పుడూ వేయవద్దు.

ఇంకో మాట, నొచ్చుకోకండి. మీ ఉత్తరంలో మీ భార్య జీతం ఉంది కానీ ఆమె అభిప్రాయం ఎక్కడా లేదు. ఏడాదికి ఇరవైకి పైగా ఆదివారాలు ఎనిమిది మందికి టీలు పెట్టి, గిన్నెలు తోమి, సోమవారం బడికి వెళ్లవలసింది ఆమె. ఈ నిర్ణయానికి ముందు ఆమెతో కూర్చుని ఈ పట్టిక మొత్తం చూపించండి.

రేసులు చూడవద్దని, స్నేహితులను దూరం చేసుకోమని నేను చెప్పడం లేదు. ప్రపంచ స్థాయి పోటీలు 1949 నుంచి జరుగుతున్నా, 2023 సెప్టెంబరులో గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో భారత రేసు జరిగాక మన దగ్గర అభిమానం పెరిగిన మాట నిజం. మీలో ఇద్దరి ఇళ్లలో పెద్ద టీవీలు ఉన్నాయని మీరే రాశారు. ఒక రేసు ఒకరింట్లో, తరువాతి రేసు ఇంకొకరింట్లో చూడండి, ఆ ఐదువందలు నేరుగా ఆ రోజు తిండికి పెట్టండి, మీ వంతుగా మీరు ఇంటి నుంచి పులిహోర పట్టుకెళ్లండి. మీ ఇంటి నుంచి నాలుగు కిలోమీటర్లు ఎక్కువ తిరగడం రూ. 1,60,000 అప్పు కంటే చాలా తేలిక. మీరు అభిమానించే ఆటలోనే 2018 నుంచి ఎయిర్‌బ్యాగ్ ఉన్న సూట్ వేసుకోకుండా రేసర్‌ను ట్రాక్ మీదికి రానివ్వడం లేదు. మీ ఇంటికి అత్యవసర నిధి అలాంటిది.

ఆ నిధి ఎంత ఉండాలి? చీటీ అయిపోయాక మీ తప్పనిసరి ఖర్చు నెలకు రూ. 48,500. ఆరు నెలలకు రూ. 2,91,000. మీరు ఉండేది వరద ముంపు చూసిన కింది అంతస్తు, ఇంట్లో దీర్ఘకాలిక వ్యాధి ఉన్న పెద్దావిడ ఉన్నారు. కాబట్టి మూడు నెలల నిధి చాలని ఎవరైనా చెప్పినా వినకండి. జీతం పడే బ్యాంకులో కాకుండా వేరే బ్యాంకులో ఖాతా తెరవండి, దాన్ని యూపీఐకి జత చేయవద్దు. ఒక నెల ఖర్చు ఖాతాలో ఉంచి మిగతాది ఫిక్స్‌డ్ డిపాజిట్లుగా, యాభై వేలకొకటి చొప్పున విడివిడిగా వేయండి. అవసరమైతే ఒక్కదాన్ని రద్దు చేసుకోవచ్చు. ఇంకా ఒక పదివేలు నగదుగా, చిన్న నోట్లలో, బీమా పత్రాలు, ఆధార్ నకళ్లతో పాటు నీరు చొరని కవరులో అటక మీద ఉంచండి. కరెంటు, సిగ్నల్ లేని రోజుల్లో ఫోనులో ఉన్న డబ్బు పాలప్యాకెట్‌కు పనికిరాదని మీ వీధివారికి వేరే చెప్పనక్కర్లేదు.

బీమా విషయంలో రెండు పనులు ఈ నెలలోనే చేయండి. మీ పాత బైకుకు పరిహారం ఎందుకు రాలేదంటే, 2018 సెప్టెంబరు నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు ఐదేళ్లకు తప్పనిసరి చేసింది థర్డ్ పార్టీ బీమా, అంటే మన బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి బీమా మాత్రమే. సొంత బండికి జరిగే నష్టానికి బీమా సాధారణంగా మొదటి ఏడాదికే ఉంటుంది, తరువాత విడిగా పునరుద్ధరించుకోవాలి. కొత్త బైకు పత్రంలో ఆ గడువు ఏ తేదీతో ముగుస్తుందో ఇవాళే చూడండి. ఇంజను రక్షణ కూడా చేర్చుకోండి, ఎందుకంటే నీటిలో మునిగిన బండిని స్టార్ట్ చేయడం వల్ల పాడైన ఇంజనుకు మామూలు పాలసీ కింద పరిహారం రావడం కష్టం.

రెండోది ఆరోగ్య బీమా. పెద్ద టీవీలపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గిన 2025 సెప్టెంబరు 22 నుంచే వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియంలపై జీఎస్టీ పూర్తిగా పోయింది. తగ్గింపును వాడుకోవాలనుకుంటే ముందు దీన్ని వాడుకోండి. మీ ఆఫీసు పాలసీ ఉద్యోగంతోనే పోతుంది, కాబట్టి మీ ముగ్గురికి సొంత పాలసీ, మీ పేరిట టర్మ్ పాలసీ (గడువులోగా మీకేమైనా అయితే కుటుంబానికి డబ్బు ఇచ్చే జీవిత బీమా) తీసుకోండి. అమ్మగారిని ఆఫీసు పాలసీలో చేర్చవచ్చేమో అడగండి. ఆమెకు విడిగా తీసుకుంటే మధుమేహాన్ని దాచకుండా రాయండి. ముందే ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలం, అంటే పరిహారం కోసం ఆగవలసిన కాలం, ఇప్పుడు గరిష్ఠంగా మూడేళ్లే. మ్యూచువల్ ఫండ్లు, బంగారం వంటివి నిధి పూర్తయ్యాక ఆలోచిద్దాం.

మిగిలే రూ. 8,500లో బీమాలకు నెలకు రూ. 2,500 కేటాయిస్తే నిధికి రూ. 6,000 వెళ్తుంది. పన్నెండు నెలల్లో అది రూ. 72,000, ఇప్పుడున్న రూ. 22,000, చీటీ చివర కమీషను పోను వచ్చే సుమారు రూ. 95,000 కలిపి రూ. 1,89,000. ఆ తరువాత చీటీ డబ్బు రూ. 5,000 కూడా కలిసి నెలకు రూ. 11,000 చొప్పున వేస్తే మరో పది నెలల్లో రూ. 2,91,000 దాటుతుంది. జీతం పెరిగినా, బోనసు వచ్చినా ఇంకా ముందే పూర్తవుతుంది. ఇరవై మూడో నెల నుంచి అదే రూ. 11,000ను ఐదు నెలలు పక్కన పెడితే రూ. 55,000 అవుతుంది. ఆ డబ్బులో దొరికే టీవీని నగదు ఇచ్చి కొని, గోడకు వీలైనంత ఎత్తున బిగించి, స్నేహితులను మీ ఇంటికి పిలవండి. ఈలోగా ఆ యాప్‌ను ఫోను నుంచి తీసేయండి.