మీ నాయనకు ఆ నూనె ఇచ్చే ముందు

తిరుపతి

చిరంజీవి సౌభాగ్యవతి సుధకు, అత్త దీవించి రాసేది.

క్యాన్సర్‌తో బాధపడుతున్న మీ నాయనకు గంజాయి నూనె తెప్పిస్తానని పట్టుబట్టావంట, మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ముందు గుండె గుభేలుమంది. తర్వాత రవ్వంత తెరిపిన పడ్డాక, గర్వంగా కూడా ఉండింది. చుట్టాలంతా చూసిపోయి ఊరుకుంటే నువ్వొక్కదానివే దారి వెతుకుతున్నావు. వద్దనడానికి రాయడం లేదు. ఎక్కడ కొనాలో, ఎంత పోయాలో, ఎక్కడ చెడుతుందో రాస్తాను. ఫోన్లో చెబితే మీ అమ్మకు ఒక మాట, నీకు ఒక మాట గుర్తుంటుంది. కాగితం మీదుంటే ఇంటిల్లిపాదీ ఒకటే చదువుతారు.

ముందు దాన్నుంచి ఏం ఆశించాలో తెలుసుకో. కీమో తర్వాతి వాంతులు, నిద్ర పట్టకపోవడం, కొంతమందిలో ఆకలి, కొంత నొప్పి, అంతవరకే. అమెరికాలో 1985లోనే కీమో వాంతులకు ద్రోనాబినాల్, నాబిలోన్ అనే, ల్యాబులో చేసిన గంజాయి రకం మందులకు అనుమతి ఇచ్చారు. 2018లో పిల్లల్లో వచ్చే రెండు మొండి రకాల మూర్ఛకు గంజాయిలోనే ఉండే, మత్తెక్కించని సీబీడీ ద్రావణాన్ని అనుమతించారు. గడ్డను కరిగిస్తుందని మాత్రం ఏ గంజాయి మందుకూ అనుమతి లేదు. గడ్డ కరుగుతుందని నీకు వచ్చిన ఆ వాట్సాప్ వీడియోలో చెప్పేదంతా సరుకు అమ్ముకునే మాట. ఈ నూనె కోసం కీమో తేదీని ఒక్క పూట కూడా వెనక్కి జరపొద్దు.

ఇంక కొనే సంగతి. ఆకు బొమ్మ వేసుకుని అమ్ముడయ్యే నూనెలు మూడు రకాలు, మూడింటికీ పొంతన లేదు.

ఒకటి గింజల నూనె. 2021 నుంచి మన దేశంలో దాన్ని ఆహారంగా అమ్మొచ్చు. అందులో మత్తు పదార్థం, అదే టీహెచ్‌సీ, కిలోకు 5 మిల్లీగ్రాములు దాటకూడదు. అంటే లేనట్టే లెక్క. చట్నీలో వేసుకోవచ్చు, వాంతికి పనికిరాదు. ఆన్‌లైన్‌లో వేలకు వేలు పోసి దీన్నే నొప్పి మందని కొని మోసపోయేవాళ్ళు చాలామంది.

రెండోది ఆకు సారంతో చేసే ఆయుర్వేద మందు. వైద్యులు విజయ అంటారు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం పూత, కాయ ఉన్న కొనలనే గంజాయి అంది. ఆ కొనలు కలవకుండా ఉత్త ఆకు, ఉత్త గింజ ఉంటే ఆ నిర్వచనంలోకి రావు. ఆ సందులోనే లైసెన్సున్న కంపెనీలు ఆకుతో మందు చేస్తున్నాయి. నీకు కావాల్సింది ఇదే.

మూడోది జిగురు నుంచి, పూత నుంచి తీసిన నూనె. గోవా నుంచో, హిమాచల్ నుంచో, తెలిసినవాళ్ళ తెలిసినవాళ్ళు తెచ్చిస్తారు. దాన్ని తాకొద్దు. జిగురు నూనె చట్టంలో చరస్ కింద లెక్క. 100 గ్రాముల లోపైతే ఏడాది దాకా జైలు, లేదా 10 వేల దాకా జరిమానా, లేదా రెండూ. కిలో దాటితే పదేళ్ళకు తక్కువ కాకుండా ఇరవై ఏళ్ళ దాకా. కొబ్బరి నూనెలో కలిపి ఇచ్చినా మందు వరకే తూచరు, సీసాలో ఉన్నదంతా తూస్తారు. సుప్రీంకోర్టు 2020లో ఆ మాట తేల్చేసింది. నీ మరిది అమెరికా నుంచి గమ్మీలు, అంటే గంజాయి కలిపిన మిఠాయిలు, పెట్టెలో వేసుకొస్తానన్నాడంట కదా, అదీ వద్దు. అక్కడి రాష్ట్రంలో గంజాయి కొనుక్కునే కార్డు ఉన్నా విమానం దిగిన చోట అది దొంగసరుకే. పైగా చూడ్డానికి చాక్లెట్ల మాదిరి ఉంటాయి, ఇంట్లో పిల్లలున్నారు.

రెండో రకం కొనడానికి ముందు ఆయుర్వేద డాక్టరు చీటీ కావాలి. బీఏఎంఎస్ చదివి, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నవాళ్ళే రాయాలి. మీ నాయనను తీసుకుపోయి చూపించు. ఉత్త ఫారం నింపితే చీటీ పంపేవాళ్ళ దగ్గర కొనొద్దు. చీటీలో పేరు, వయసు, జబ్బు, మందు, మోతాదు, తేదీ, సంతకం, నంబరు అన్నీ ఉండాలి. మూడు జిరాక్సులు తీయించు, ఒకటి సీసాతోనే ఉండాలి.

తర్వాత సీసా చూడు. ఆయుర్వేద మందు అని, తయారీ లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు, గడువు తేదీ, వైద్యుల పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక. ఈ ఆకు విషద్రవ్యాల షెడ్యూలులో ఉంది కాబట్టి ఆ హెచ్చరిక తప్పనిసరి. అది లేకపోతే సీసా తిరిగి పంపెయ్.

సీసా మీద పెద్ద అక్షరాల్లో 3000 మి.గ్రా. అని ఉంటే మురిసిపోవద్దు. అది సారం బరువు. అందులో టీహెచ్‌సీ ఎంతో బ్యాచి ల్యాబ్ రిపోర్టులో ఉంటుంది, అడిగి తెప్పించుకో. మిల్లీలీటరుకు 5 మి.గ్రా. అని రిపోర్టులో ఉంటే, 2.5 మి.గ్రా. మోతాదుకు అర మి.లీ. కొలవాలి. రిపోర్టులో 25 అని ఉంటే మిల్లీలీటరులో పదో వంతు చాలు, అంటే 0.1 మి.లీ. కొత్త సీసా వచ్చిన ప్రతిసారీ ఈ లెక్క మళ్ళీ వెయ్యి.

చుక్కలతో కొలవొద్దు. నూనె చుక్క, నీళ్ళ చుక్క ఒకటి కావు, డ్రాపరు మారితే చుక్కా మారుతుంది. మందుల షాపులో సూది తీసేసే 1 మి.లీ. సిరంజి అడుగు. ఇంట్లో మీ అమ్మ ఇన్సులిన్ సిరంజి ఉంది కదా అని దాంతో కొలవబోకు. 40 యూనిట్ల రకంలో నాలుగు యూనిట్లంటే 0.1 మి.లీ., 100 యూనిట్ల రకంలో పది యూనిట్లు. ఎవరో ఒకరు తప్పకుండా తికమకపడతారు.

ఇప్పుడు నాకు నిద్రపట్టనివ్వని సంగతి రాస్తాను. ఈ మందుతో ఎప్పట్నుంచో జనం చేస్తున్న తప్పు ఒకటుంది. మొదటి మోతాదు ఎక్కకముందే రెండోది వెయ్యడం.

మీ నాయన సంగతి తెలియందేముంది. తలనొప్పి మాత్ర వేసుకుని పది నిమిషాలకే, ఇది ఉత్త సున్నంబిళ్ళ అని రెండోది మింగే మనిషి. చిన్నప్పుడు దగ్గు మందు సీసా ఎత్తి గొంతులో పోసుకుంటుంటే మా అమ్మ చెంచా పట్టుకుని వెంటపడేది. వాడికి ఓర్పు తక్కువ, నొప్పి జాస్తి. ఆ రెండూ కలిస్తే ఏమవుతుందో గంట గంటకూ చెబుతా, విను.

రాత్రి 8 గంటలకు అన్నం తిన్నాక నూనె వేస్తావు. 8:45కి వాడు, ఏమీ కాలేదు, ఇంకొంచెం వెయ్యి అంటాడు. నీకు జాలేసి వేస్తావు. 9:30కి నోరెండుతుంది, కళ్ళు ఎర్రబడతాయి, మాట నెమ్మదిస్తుంది. పదకొండుకు మొదటిది నిండుగా ఎక్కుతుంది, దాని వెనకాలే రెండోదీ. గుండె దడ, భయం, తాను ఎక్కడున్నాడో తెలియకపోవడం. పన్నెండుకు ఒంటికి పోవాలని లేస్తాడు. లేచి నిలబడగానే బీపీ జారిపోతుంది. వాడు ప్రొస్టేటుకు వేసుకునే టామ్సులోసిన్ కూడా బీపీని అట్నే దించుతుంది. బాత్రూం గడప దగ్గర పడతాడు. ఈ వయసులో తుంటి ఎముక విరిగితే, నూనె ఎందుకు తెచ్చామా అని ఏడవాలి.

ఎందుకిట్లా అంటే, పొగ తాగితే నిమిషాల్లో మెదడుకు చేరుతుంది. మింగినది అట్లా కాదు. కడుపు దాటి, పేగు దాటి, కాలేయంలోకి పోతుంది. అక్కడ టీహెచ్‌సీ ఇంకో రూపంలోకి మారుతుంది, ఆ రూపం మత్తులో దీనికి తీసిపోదు. మొదలవడానికే అరగంట నుంచి రెండు గంటలు. శిఖరం రెండు నుంచి నాలుగు గంటల మధ్య. దిగడానికి ఆరెనిమిది గంటలు, ముసలివాళ్ళలో మరుసటి పొద్దున దాకా. కీమో వల్ల, రేపు నొప్పికి మార్ఫిన్ మొదలుపెడితే దానివల్ల కూడా కడుపు కదలిక మందగించొచ్చు కాబట్టి మీ నాయనకు ఇంకా ఆలస్యం కావచ్చు. నెయ్యి, నూనె పదార్థాలు తిన్న రోజు మందు జాస్తిగా ఒంటికి పడుతుంది. ఒకరోజు గంజి తాగి, ఇంకోరోజు పొంగలి తిని అదే కొలత వేస్తే రెండు రాత్రులూ ఒకేలా ఉండవు. నాలుక కింద పెట్టుకుంటే త్వరగా పనిచేస్తుందంటారు, నిజమే, అయితే అందులో చాలావరకు లాలాజలంతో మింగేస్తారు. ఆ నమ్మకంతో గడియారం చూడొద్దు.

కాబట్టి రాత్రి ఒక్కసారే. 2.5 మి.గ్రా.తో మొదలు, మరీ నీరసంగా ఉంటే అందులో సగం. రోజూ ఒకే వేళకు, ఒకే రకం భోజనం తర్వాత. పనిచేసినా చేయకపోయినా ఆ రాత్రికి అంతే. పెంచాలంటే కనీసం రెండు రాత్రులు చూసి, డాక్టరును అడిగి, ఇంకో 2.5. సీసా, సిరంజి మీ నాయన చేతికి అందకూడదు. మీ అమ్మ 8కి ఇచ్చింది తెలియక నువ్వు 9కి ఇవ్వడమూ ఈ తప్పే. క్యాలెండరులో టైము, కొలత, ఇచ్చినవాళ్ళ పేరు రాయండి. రాశారో లేదో అనుమానం వస్తే, ఆ రాత్రి మోతాదు ఇచ్చేసినట్టే అనుకోండి.

పొరపాటున ఎక్కువైతే పడుకోబెట్టి, లైటు తగ్గించి, ఎవరో ఒకరు పక్కన కూర్చోండి. పుల్లమజ్జిగో, నిమ్మరసమో తాగిస్తే దిగుతుందని ఎవరైనా చెబితే వినొద్దు. దీనికి విరుగుడు లేదు, మత్తులో ఉన్నవాడికి తాగిస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వాంతి చేయించొద్దు. లేపితే లేవకపోయినా, ఛాతీ నొప్పి అన్నా, శ్వాస నెమ్మదించినా 108కి ఫోన్ చెయ్యి. సీసా, చీటీ వెంట తీసుకుపో. ఏం ఇచ్చావో డాక్టరుకు దాచకుండా చెప్పు, సిగ్గుపడే వేళ కాదది.

మొదటి సీసా తెరవకముందే క్యాన్సర్ డాక్టరుకు, గుండె డాక్టరుకు చెప్పాలి. స్టెంటు ఉన్న మనిషికి గుండె వేగం పెంచే మందు ఇస్తున్నాం. రక్తం పలచబరిచే వార్ఫరిన్ వాడుతుంటే రక్తం మరీ పలచబడొచ్చు, రక్తం ఎంతసేపటికి గడ్డకడుతుందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష మళ్ళీ చేయించాలి. నిద్రమాత్రలు కలిస్తే మత్తు ఇంకా పెరుగుతుంది. ఇమ్యూనోథెరపీ, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే వైద్యం, మొదలుపెడతారేమో, దానికి ఈ నూనె అడ్డమేమో కూడా అడుగు. కోప్పడతారని భయపడకు, దాచితేనే ప్రమాదం.

ఇంకో మాట, ఇది నూనె కంటే ముందు రాయాల్సింది. నొప్పికి మార్ఫిన్ అడిగావా? పేరు వినగానే మీ అమ్మ, అంటే ఇంక అయిపోయినట్టేనా అంటుంది. కాదని చెప్పు. క్యాన్సర్ నొప్పికి గంజాయి కంటే దానికి రుజువు ఎక్కువ, ఖర్చు తక్కువ. 1985 చట్టం భయంతో చాలా ఆసుపత్రులు దాన్ని పెట్టుకోవడమే మానేశాయి. 2014లో చట్టం సవరించి, గుర్తింపు పొందిన ఆసుపత్రులకు లైసెన్సుల తిప్పట తగ్గించారు. ఫోన్లో రాయరు, ఎదురుగా చూపించాలి. తిరుపతిలో స్విమ్స్, అలిపిరి దగ్గరి క్యాన్సర్ ఆసుపత్రి, మీ చిత్తూరుకు దగ్గరలో వేలూరు సీఎంసీ ఉన్నాయి. నొప్పి విభాగం, బాధ తగ్గించడానికే ఉండే పాలియేటివ్ విభాగం ఎక్కడని అడుగు. మాత్ర నాలుగు గంటలకోసారి, నొప్పి వచ్చేదాకా ఆగకుండా. మొదటి రోజునుంచే విరేచనం మందు కూడా రాయించుకో, లేకపోతే మలబద్ధకంతో విసిగి మాత్రే మానేస్తాడు. మార్ఫిన్, నూనె రెండూ ఒకే వారం మొదలుపెట్టొద్దు. మత్తు దేనివల్లో తెలియదు.

సీసా బీరువాలో, తాళం వేసి. వేరే సీసాలోకి ఒంపొద్దు, లేబులు పోతే చట్టం ముందు నువ్వూ పోయినట్టే. చిత్తూరు ఎండకు స్కూటరు డిక్కీలో వదిలితే మందు చెడుతుంది. వేసుకున్న మర్నాడు మధ్యాహ్నం దాకా మీ నాయన బండి తాళం ముట్టకూడదు.

ఒంట్లో రవ్వంత బాగుంటే చాలు, కొండకు పోదామంటాడని తెలుసు. తీసుకురా, నా దగ్గర ఒక రాత్రి ఉండండి. కానీ ఆ సీసా మా ఇంట్లోనే పెట్టి పైకి పోవాలి. అలిపిరి దగ్గర ప్రతి సంచీ స్కాన్ చేస్తారు. మందని, ఆయుర్వేదమని ఆ క్యూలో నిలబడి వివరించే ఓపిక మీ నాయనకు ఉండదు, పోట్లాడతాడు. తిరిగొచ్చాక రాత్రికి ఎప్పటిలాగే వేసుకుంటాడు.

నూనె వచ్చిన రోజు వెంటనే వెయ్యొద్దు. ల్యాబ్ రిపోర్టు, చీటీ, సీసా లేబులు మూడూ ఫొటో తీసి నాకు పంపు, లెక్క నేనూ వేస్తాను. తర్వాత వీడియో కాల్ చేసి, సిరంజిలోకి ముందు నీళ్ళు లాగి కొలత చూపించు. మీ అమ్మతో కూడా ఒకసారి చేయించు, ఆమెకు కళ్ళజోడు పెట్టించి.

ఇట్లు
మీ అత్త