ఆర్గోనియా మేయరమ్మ కథని వేళాకోళంగా చెప్పకండి

పంతొమ్మిదో శతాబ్దంలో అమెరికా చిన్న ఊళ్ల మేయర్ల బతుకు ఎలా ఉండేది, చేతిలో అధికారం ఏమైనా ఉండేదా అని అడిగారు. నాకు గుర్తొచ్చేది ఒక్కరే: కాన్సస్ రాష్ట్రంలోని ఆర్గోనియా అనే ఊరి మేయర్ సుసానా సాల్టర్. అమెరికాలో మేయరైన మొదటి మహిళ. ఎవరు రాసినా "ఆకతాయిలు అభ్యర్థుల జాబితాలో పేరు ఇరికించారు, గెలిచేసింది" అని తేల్చేస్తారు. చదివితే నాకు ఒళ్లు మండుతుంది.

కాన్సస్ ఆడవాళ్లకి పట్టణ ఎన్నికల్లో ఓటు వచ్చింది 1887లోనే. మద్యం వద్దనే మహిళా సంఘం తన అభ్యర్థుల్ని నిలబెట్టింది. అది గిట్టని కొందరు మగవాళ్లు అదే జాబితా తయారుచేసి, మేయర్ చోట మాత్రం సుసానా పేరు ఇరికించారు. ఆడమనిషికి ఓట్లు పడవు, సంఘం పరువు పోతుందని. అదే ఏడాది ఏప్రిల్ 4న పోలింగ్ మొదలయ్యేదాకా ఆవిడకే తెలియదు. రిపబ్లికన్ పార్టీ వాళ్లు ఇంటికెళ్లేసరికి బట్టలు ఉతుకుతోంది. గెలిపిస్తే పదవి చేస్తారా అంటే చేస్తానంది. అంతే, సంఘం సొంత అభ్యర్థిని వదిలేసి ఈవిడకి ఓటేసింది. మూడింట రెండొంతుల ఓట్లు పడ్డాయి. వయసు 27.

ఇలాంటి చిన్నచూపు మా ఇంట్లోనూ చూశాను. మా పిన్ని మహిళా రిజర్వేషన్‌లో సర్పంచ్ అయింది. ఒక ఉద్యోగి ఫైలు పట్టుకొచ్చి, గుమ్మంలో కూర్చున్న పిన్నిని దాటుకుని "సర్పంచ్ గారు లేరా?" అని బాబాయ్‌ని అడిగాడు. పిన్ని బియ్యం చాట పక్కన పెట్టి, చెయ్యి కొంగుకి తుడుచుకుని, "ఇటివ్వండి బాబూ, చదివి సంతకం పెడతా" అంది. నీళ్ల పైపుల బిల్లు. ఒక్కో అంకె మీద వేలు పెట్టి చదివింది. ఆయన ఎండలో నిలబడే ఉన్నాడు. ఇప్పటికీ ఫ్లెక్సీల మీద ఆవిడ ఫొటో కంటే బాబాయ్ ఫొటోనే పెద్దదిగా వేస్తారు, అదేం పద్ధతో!

సుసానాకి రాజకీయం కొత్త కాదు. నాన్న ఆ ఊరి మొదటి మేయర్, మామగారు కాన్సస్ లెఫ్టినెంట్ గవర్నర్‌గా (గవర్నర్ తర్వాతి పదవి) చేసినవారు. జాబితాలో పేరు పెట్టారని భర్త మొదట కోప్పడ్డా తర్వాత సర్దుకున్నాడు. ఏడాది జీతం 1 డాలర్. కౌన్సిల్ సమావేశాలు నడిపింది, ఆ పదవిలో ఉండగానే బిడ్డని కన్నది, మళ్లీ పోటీ చెయ్యలేదు. 101 ఏళ్లు బతికి 1961లో పోయింది.

మీరు ఆవిడ గురించి ఎక్కడైనా రాస్తే, ఆ ఆకతాయిలకి ఒక్క వాక్యం చాలు. మిగతాదంతా ఆవిడకీ, ఓటేసిన ఆడవాళ్లకీ ఇవ్వండి.