పడక మీద అష్టాచెమ్మా

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా అత్తగారికి 78 ఏళ్లు. తుంటి ఎముక విరిగితే బరంపురంలో ఆపరేషన్ చేయించాం. పగలు బాగానే ఉంటారు. పొద్దు వాలగానే, పోయి పదేళ్లయిన మామగారికి అన్నం పెట్టమంటున్నారు. ఆవిడకు అష్టాచెమ్మా అంటే ప్రాణం. గవ్వలు తీసుకెళ్తే పక్క మంచాలవాళ్లు నవ్వారు. ఆడించవచ్చా?
– ఒక కోడలు

జవాబు: నవ్వనివ్వండమ్మా. అయితే గవ్వలకంటే ముందు డాక్టరు. ఈ అయోమయం ఆసుపత్రిలో చేరాకే మొదలైతే అది చాదస్తం కాదు, డెలిరియం (ఒంట్లో తేడా వల్ల ఉన్నట్టుండి వచ్చే మతి గందరగోళం) కావచ్చు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, మలబద్ధకం, నొప్పి, కొన్ని మందులు – కారణం ఏదైనా కావచ్చు. ఈరోజే చెప్పండి. కళ్లజోడు ఇంట్లో ఉండిపోతే తెప్పించండి. గవ్వలే కనబడని మనిషికి ఆటేమిటి?

అమెరికాలో షారన్ ఇనోయే అనే వైద్యురాలి బృందం 70 ఏళ్లు, ఆపైబడిన 852 మంది రోగులను పరిశీలించి 1999లో ఫలితాలు ప్రకటించింది. మాటల ఆటలు, కబుర్లు, నడిపించడం, కంటినిండా నిద్ర, తగినన్ని నీళ్లు – ఇవన్నీ చూసుకున్నవారిలో 9.9 శాతం మందికి డెలిరియం వస్తే, మామూలు వైద్యం అందినవారిలో 15 శాతం మందికి వచ్చింది. రాకుండా ఆపడంలోనే మేలు కనబడింది, వచ్చాక అంతగా లేదు. డాక్టరును ముందు పెట్టింది అందుకే.

నేను నర్సుగా ఉన్నప్పుడు మా వార్డులో ఒక పట్టు నేత తాతగారు ఉండేవారు. లేచి కూర్చోమంటే గోడవైపు తిరిగేవారు. ఒకరోజు మనవరాలు అట్టముక్క మీద ఇరవై అయిదు గళ్లు గీసి, మూడు పడితే నాలుగు గళ్లు జరిపింది. “తొండి!” అంటూ తాతగారు తనంతట తానే లేచారు. వారం రోజులు మేం బతిమాలింది దండగే!

గవ్వలు పరుపు మీద వేస్తే ఒరిగిపోయి, వెల్లకిలా బోర్లా అని తగవొస్తుంది. స్టీలు పళ్లెంలో తువ్వాలు పరిచి వేయించండి, చప్పుడూ ఉండదు. పళ్లెం ఎత్తుగా, చేతికందేలా ఉండాలి. తుంటి ఆపరేషన్ తర్వాత ముందుకు వంగడం ప్రమాదం కావచ్చు. ఎంతసేపు కూర్చోవచ్చో ఫిజియోథెరపిస్టును అడగండి. కాయలుగా చింతపిక్కలు వద్దు, నోట్లో వేసుకోగలరు. సీసా మూతలు చాలు. ఆట అయ్యాక గవ్వలు లెక్కపెట్టి, సబ్బుతో కడిగి, మీ సంచిలో దాచండి.

నాలుగింటికి, వెలుతురుండగానే ఆడించండి. అలసిపోతే ఆపేయండి. మామగారి మాట వస్తే వాదించకండి, ఆయన కబుర్లే చెప్పించుకోండి. అన్నట్టు, జాలిపడి మీరు కావాలని ఓడిపోకండి. అత్తగారు ఇట్టే పట్టేస్తారు.