పంతొమ్మిదేళ్ళు కువైట్‌లో ఉన్నాక ఆ దేశం పేరెత్తితేనే కోపం వస్తోంది

ప్రశ్న: మాది రాజంపేట దగ్గర పల్లె. వయసు 46. కువైట్ వచ్చి పంతొమ్మిదేళ్ళయింది. ఏసీ మెకానిక్‌గా చేరి అదే కంపెనీలో సూపర్‌వైజర్ అయ్యాను. భార్య, పాప (15), బాబు (10) నాతోనే మంగాఫ్‌లో ఉంటారు. వచ్చిన కొత్తలో ఇక్కడి రోడ్లు, పోని కరెంటు చూసి మురిసిపోయి ఊళ్ళో అందరికీ చెప్పేవాణ్ణి. ఇప్పుడు వీళ్ళది ఏది చూసినా ఒళ్ళు మంట. ఇంట్లో తిడతాను, వాట్సాప్ గ్రూపులో తిడతాను. మొన్న ఫిబ్రవరి 25న, వీళ్ళ నేషనల్ డేకి, పాప బుగ్గ మీద కువైట్ జెండా వేసుకుని బీచ్ రోడ్డుకి తీసుకెళ్ళమంది. "ఎవడి జెండా ఎవరు వేసుకుంటున్నారే, కడుక్కో పో" అని అరిచాను. "పుట్టింది ఇక్కడే కదా, మరి నాది ఏ జెండా?" అంది. అప్పటినుంచి నాతో సరిగా మాట్లాడటం లేదు. సెలవుకి ఊరెళితే అక్కడా నాకేదీ నచ్చదు. "అక్కడుంటే అక్కడోళ్ళని, ఇక్కడుంటే ఇక్కడోళ్ళని తిడతారు, మీకు నచ్చే ఊరేదన్నా ఉందా?" అని మా ఆవిడ అంటోంది. నేనెందుకు ఇలా అయిపోయాను?

జవాబు: మీ ఉత్తరం చాలా పెద్దది, పైన బాగా కుదించి వేశాం. కుదించడంలో పోయిన సంగతులే నాకు ఎక్కువ పనికొచ్చాయి కాబట్టి వాటి గురించి కూడా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి.

ముందు ఒకటి సూటిగా అడుగుతాను. ఇన్నేళ్ళలో ఒక్క కువైటీతో అయినా పని గురించి కాకుండా కూర్చుని మాట్లాడారా? ఉత్తరమంతా వెతికాను, ఎక్కడా కనపడలేదు. వాళ్ళ ఇళ్ళలోకి మాత్రం వెళ్ళారు, అక్కడున్న మనవాళ్ళు చాలామంది చూడనంత లోపలికి వెళ్ళారు, కానీ ఎప్పుడు వెళ్ళారు? ఏసీ ఆగిపోయినప్పుడు. 2016 జులైలో మిత్రిబా అనే చోట 53.9 డిగ్రీలు నమోదైన దేశం అది. అలాంటి ఎండల్లో, ఇంట్లో పసిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తూ, ముసలాయన చొక్కా విప్పి విసురుకుంటూ, ఇంటాయన మీ ఆఫీసుకి పదిసార్లు ఫోన్ చేసి విసిగిపోయి ఉన్నప్పుడు మీరు టూల్ బాక్స్ పట్టుకుని గుమ్మంలో నిలబడతారు. ఆ క్షణంలో ఏ దేశంవాడి నోటినుంచైనా మంచి మాట వస్తుందా? రాత్రి ఒంటిగంటకి కరెంటు పోతే మన లైన్‌మన్‌ని మన ఊళ్ళో ఏమంటారో మీకు తెలియదా? చల్లగాలి మొదలయ్యాక ఆ ఇల్లు ఎలా ఉంటుందో చూడటానికి మీరక్కడ ఉండరు, బిల్లు మీద సంతకం తీసుకుని ఇంకో ఇంటికి, ఇంకో కోపిష్టి దగ్గరికి వెళ్ళిపోతారు.

గోర్డన్ ఆల్‌పోర్ట్ అని అమెరికాలో ఒక సైకాలజిస్టు ఉండేవాడు. వేరువేరు జాతులవాళ్ళు ఊరికే ఒకచోట ఉన్నంత మాత్రాన వాళ్ళ మధ్య దురభిప్రాయాలు పోవని 1954లోనే రాశాడు. ఇద్దరూ సమాన హోదాలో ఉండాలి, ఒకే పనికోసం కలిసి పాటుపడాలి, పైన ఉన్న చట్టం, ప్రభుత్వం కూడా దానికి అండగా ఉండాలి, అప్పుడే తగ్గుతాయన్నాడు. మీ సంగతి చూడండి. కువైటీ కఫీల్ (మీ వీసాకి పూచీ ఉండే స్పాన్సర్), మీరు అకామా (అక్కడ ఉండే అనుమతి) రెన్యువల్ కోసం ఎదురుచూసే మనిషి, సమానం అన్న మాటే లేదు. జనాభాలో మూడింట రెండు వంతులు బయటి దేశాలవాళ్ళే ఉన్నచోట మీ బిల్డింగులో కువైటీ లేడు, మీ పిల్లల ఇండియన్ స్కూల్లో లేడు, శుక్రవారం మీరు కలుసుకునే గుంపులో అసలే లేడు. ఈ ఏర్పాటు మీరు చేసింది కాదు, అందుకు మిమ్మల్ని తప్పుపట్టను. కానీ ఈ కాస్త సందులోంచి చూసి "వీళ్ళ సంగతంతా నాకు తెలుసు, నన్నడుగు" అని గ్రూపులో కొత్త కుర్రాళ్ళకి పాఠాలు చెప్తున్నారు చూడండి, అక్కడ మాత్రం తప్పు మీదే.

ఇదంతా కల్చర్ షాక్, అంటే కొత్త దేశంలో ఇమడలేక పడే ఇబ్బంది అని ఎవరో మీతో అన్నారట. కాదనుకుంటాను. అమెరికా వెళ్ళొచ్చిన నార్వే స్కాలర్ల మీద లిస్‌గార్డ్ అనే ఆయన 1955లో ఒక అధ్యయనం వేశాడు, అందులో ఎక్కువ ఇబ్బందిపడింది ఆరు నెలలనుంచి ఏడాదిన్నర దాకా ఉన్నవాళ్ళు. ఆ లెక్కన మీ ఇబ్బంది ఎప్పుడో తీరిపోయి ఉండాలి, తీరింది కూడా, "మూడో ఏడు నుంచి హాయిగా ఉండేది" అని మీరే రాశారు. ఇప్పుడున్నది ఆ తర్వాత కొద్దికొద్దిగా పేరుకున్న కోపం, దాన్ని విడదీసి చూడాలి.

మీ అమ్మగారు పోయినప్పుడు సెలవు కాగితం మూడు రోజులు ఆపారని, మీరు వెళ్ళేసరికి అంతా అయిపోయిందని రాశారు. చదువుతుంటే నాకే గొంతు పట్టుకుంది. కానీ ఆ కాగితం ఆపిన మేనేజర్ ఎవరు? "మన దేశంవాడే" అని మీరే రాశారు. రాసి, ఆ పక్క లైన్లోనే "ఈ దేశంలో మానవత్వం లేదు" అన్నారు. ఇంకోచోట, ప్రతి రంజాన్‌కి మీ టీమ్ మొత్తానికి పెద్ద తపేలాతో మచ్‌బూస్ (మాంసం వేసి వండే అన్నం) పంపించే ఒక ముసలావిడ గురించి రాసి "ఆవిడ వేరులెండి" అని తేల్చేశారు. అంటే కీడు చేసింది మనవాడైనా కువైట్ పద్దులో రాస్తారు, మంచి చేసింది కువైటీ అయినా ఆవిడ సొంత పద్దులో రాస్తారు. ఇలా లెక్కరాస్తే స్వర్గానికి కూడా మంచిపేరు మిగలదు.

మంగాఫ్ అగ్నిప్రమాదం గురించి వేరుగా చెప్పాలి. 2024 జూన్ 12 తెల్లవారుజామున కార్మికులు ఉండే బిల్డింగు కాలిపోయింది, నలభై మందికి పైగా మనదేశంవాళ్ళు పోయారు, వాళ్ళలో ఆంధ్రావాళ్ళూ ఉన్నారు. మీ ఇంటికి అది నాలుగు వీధుల అవతల. అప్పటినుంచి రాత్రి లేచి లేచి గ్యాస్ చూసుకుంటున్నానని, పొగవాసన వస్తే గుండె దడదడలాడుతోందని ఒక్క ముక్క రాసి వదిలేశారు. అది కోపం కాదండీ, భయం. మీ కోపంలో చాలా భాగం అక్కడినుంచే వస్తోందని నా అనుమానం. దీనికి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, అక్కడ వీలుకాకపోతే ఈసారి సెలవులో తిరుపతిలోనో కడపలోనో సైకియాట్రిస్టుని కలవండి. పిచ్చివాళ్ళే వెళతారని అనుకోకండి, నిద్ర లేని సూపర్‌వైజర్లు కూడా వెళతారు.

కువైట్‌ని మెచ్చుకోమని నేను చెప్పడం లేదు. ఎన్నేళ్ళు చాకిరీ చేసినా పౌరసత్వం రాదు, అక్కడే పుట్టిన పిల్లలకీ రాదు, అకామా పోయిన రోజు పెట్టె సర్దుకోవాలి. మనుషుల్ని గదుల్లో కుక్కి అద్దె మిగుల్చుకునేవాళ్ళ మీద, జీతం ఎగ్గొట్టేవాళ్ళ మీద మీకు కోపం రావాలి, రాకపోతేనే బాధపడాలి. ఎంబసీలో ఓపెన్ హౌస్ పెట్టినప్పుడు మీ కింద పనిచేసే కుర్రాళ్ళ సమస్యలు తీసుకెళ్ళండి, పంతొమ్మిదేళ్ళ అనుభవం అక్కడ పనికొస్తుంది. మాల్‌లో ఐస్‌క్రీమ్ తింటున్న ఎవరో కుటుంబాన్ని చూసి పళ్ళు నూరితే దాంతో ఎవరికి ఏం ఒరిగింది?

ఇంకో మాట, ఇది మీకు నచ్చదు. 2010 నుంచి "వచ్చే ఏడాది వచ్చేస్తాం" అంటున్నారు. ముందు ఇల్లు కట్టాలి అన్నారు, తర్వాత చెల్లెలి పెళ్ళి, తర్వాత తమ్ముడి బోరుబావి అప్పు, ఇప్పుడు పాప టెన్త్. ఉండిపోతున్నందుకు లోపల ఎక్కడో గిల్టీగా ఉంది. ఆ దేశాన్ని తిడుతున్నంతసేపూ "నేనేం ఇక్కడివాణ్ణి అయిపోలేదు" అని మీకు మీరు ధైర్యం చెప్పుకుంటున్నారు. గల్ఫ్‌లో ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళలో ఇది తరచుగా చూస్తుంటాను. అమెరికా వెళ్ళిన మనవాళ్ళలో ఇంత ఉండదు, ఎంత పొడుగు క్యూ అయినా ఏదో ఒకరోజు గ్రీన్‌కార్డు వస్తుందన్న ఆశ వాళ్ళకి ఉంటుంది కాబట్టి. తలుపు ఎప్పటికీ తెరుచుకోదని తెలిసిన ఇంటిని తిట్టుకుంటూ ఉండటం మనిషికి తేలిక.

తమాషా ఏమిటంటే ఊళ్ళో మీకు నచ్చనివేమిటో రాశారు కదా, బస్టాండులో క్యూ లేకపోవడం, రెడ్ సిగ్నల్ దగ్గర ఆగితే వెనకవాడు హారన్ కొట్టడం, పదింటికి వస్తానన్న ప్లంబర్ సాయంత్రానికి రావడం. ఈ పట్టింపులన్నీ మీరు రాజంపేటనుంచి తీసుకెళ్ళినవి కాదు. మీరు తిట్టే దేశంలో అలవడినవే.

ఇక పాప. ఇక్కడ తొందరపడాలి మీరు. తనకి కువైట్ అంటే కఫీలూ కాదు, అకామా కూడా కాదు. స్కూలు బస్సు, సాయంత్రం సముద్రపు ఒడ్డు, జమియాలో (పేటలోని సహకార దుకాణంలో) కొనుక్కునే చిప్స్, ఫ్రెండ్స్. "నాది ఏ జెండా" అని తను ఎదురు మాట్లాడలేదండీ, నిజంగా అడిగింది, పైగా చాలా తెలివైన ప్రశ్న. పాస్‌పోర్టు మనది, పుట్టిన నేల అది, ఆ నేల తనని తనదని ఒప్పుకోదు. పన్నెండో క్లాసు అవగానే కాలేజీకి ఇండియా పంపుతామని మీరే రాశారు. అంటే ఇంకో మూడేళ్ళలో ఆ పిల్ల తనకి తెలిసిన ఒకే ఒక్క ఊరిని వదిలి, సెలవుల్లో పది రోజులు చూసిన దేశానికి పరాయిపిల్లలా వెళ్ళాలి. అలాంటి పిల్ల బుగ్గ మీద రంగు కడిగించారు.

సారీ చెప్పండి. "సారీ పాపా, ఆ రోజు కడుక్కోమని అని ఉండకూడదు." అంతే. "కానీ" అనకండి, వీళ్ళ గురించి నీకు తెలియదు అని మొదలుపెట్టకండి, నా కష్టం చూడమని అనకండి. ఆ పిల్ల ఏమీ అనకుండా లేచి వెళ్ళిపోవచ్చు, వెళ్ళనివ్వండి. తర్వాత ఒక శుక్రవారం "నీకు ఇష్టమైన చోటికి నువ్వే తీసుకెళ్ళు" అనండి. ముబారకియా బజారుకి తీసుకెళితే వెళ్ళండి, అక్కడ ధరల గురించి గొణగకుండా. ఏమన్నా మాట్లాడాలనిపిస్తే పాత సంగతులు చెప్పండి, నిజంగా ఉన్నాయి. అక్కడ చమురు బయటపడింది 1938లో, ఎగుమతి మొదలైంది 1946లో. అంతకుముందు వాళ్ళ బతుకు ముత్యాలు, పడవలు. ఖర్జూరాలు తెచ్చి బొంబాయి, మలబారు రేవుల్లో అమ్మి, పడవలకి టేకు కొనుక్కుని పోయేవాళ్ళు, గాలి మళ్ళేదాకా నెలల తరబడి మన ఒడ్డునే ఉండేవాళ్ళు. 1961 దాకా కువైట్‌లో చెల్లింది రూపాయే. వాళ్ళ తాతలు మన దగ్గర వలస బతుకు బతికారు, మీరు వాళ్ళ దగ్గర బతుకుతున్నారు. పాపకి ఇది నచ్చుతుంది, మీకూ కొంచెం ఊపిరి ఆడుతుంది.

ఒక పాత కస్టమరు రెండు మూడేళ్ళుగా తన దివానియాకి (ఇంట్లో మగవాళ్ళు చేరి కబుర్లు చెప్పుకునే చోటికి) రమ్మంటున్నాడని, "మనకెందుకులే" అని వెళ్ళలేదని రాశారు. వెళ్ళండి. కంపెనీ యూనిఫాం వద్దు, టూల్ బాక్స్ వద్దు, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళి, వాళ్ళిచ్చే కాఫీ తాగి, గంట కూర్చుని వచ్చేయండి. ఇబ్బందిగా ఉంటుంది, మాటలు కుదరవు, వాళ్ళలో ఎవడో ఒకడు ఏసీ సంగతి అడిగినా అడుగుతాడు. బాగాలేకపోతే మళ్ళీ వెళ్ళొద్దు, కానీ అప్పుడు మీ అభిప్రాయం కనీసం గుమ్మం దాటి వెళ్ళి చూసినవాడి అభిప్రాయం అవుతుంది. ఆ వాట్సాప్ వాయిస్ మెసేజీలు మాత్రం ఈ రోజే ఆపేయండి. ఇది మనసు గురించి చెప్పడం లేదు, అక్కడ 2015లో చేసిన సైబర్ నేరాల చట్టం ఉంది, ఒక్కటి బయటికి పొక్కితే ఉద్యోగం పోవడంతో ఆగకపోవచ్చు.

చివరిగా, తిరిగి వచ్చే సంగతి మీ ఆవిడతో కూర్చుని కాగితం మీద రాసుకోండి, ఊహల్లో వద్దు. నెల జీతగాళ్ళకి అక్కడి 2010 కార్మిక చట్టం ప్రకారం గ్రాట్యుటీ మొదటి ఐదేళ్ళకి ఏడాదికి 15 రోజుల జీతం, ఆపైన ఏడాదికి ఒక నెల జీతం, మొత్తం మీద ఏడాదిన్నర జీతం దాటదు. పంతొమ్మిదేళ్ళు ఒకే కంపెనీలో చేశారు కాబట్టి మీరు ఆ హద్దుకి దగ్గరపడ్డారు, ఇంకో ఏడాది, ఏడాదిన్నర తర్వాత, జీతం పెరిగితే తప్ప, ఆగినకొద్దీ ఆ మొత్తం పెరగదు. "ఇంకొక్క ఏడాది" అని మీరు అంటున్నదాంట్లో నెల జీతం ఎంత, పిల్లల ఫీజు, ఇంటద్దె పోను మిగిలేది ఎంత, పాప కాలేజీ ఏ ఊళ్ళో, బాబు ఏ క్లాసులో ఉండగా మారితే తేలిక, ఇవన్నీ రాయండి. పాపని కూడా కూర్చోబెట్టుకోండి. 2029 అని తేలినా ఫరవాలేదు, కానీ ఒక తేదీ ఉండాలి. హెచ్ఆర్‌ని అడిగేటప్పుడు 2010కి ముందు సర్వీసు ఎలా లెక్కేస్తారో కూడా అడగండి, నోటిమాటగా వద్దు, రాయించుకోండి.