సందేహాలు – సమాధానాలు: రోమన్లవి సమాధులా, గోరీలా?

సందేహం: లండన్ కింద రోమన్ల కాలంనాటి సమాధులు బయటపడ్డాయని వార్తల్లో రాస్తున్నారు. సమాధి యోగులకి, స్వాములకి కట్టేది కదండీ, మరి వీటిని గోరీలనాలా, ఖననాలనాలా?

సమాధానం: సమాధి అనొచ్చండీ, తప్పేం లేదు. మనిషిని పాతిపెట్టిన చోటుకి ఆ మాట మన తెలుగులో ఎప్పుడో స్థిరపడిపోయింది, క్రైస్తవులు సమాధుల తోట అంటారు, ఎంత చక్కటి మాటో. గోరీ పారసీ నుంచి వచ్చింది, వినగానే పైన కట్టిన కట్టడమే కళ్లముందుకొస్తుంది కాబట్టి నేల కింద దొరికినవాటికి నేనైతే వాడను.

అసలు చిక్కంతా ఖననంతోనే. రోమన్లు మొదటి, రెండో శతాబ్దాల్లో ఎక్కువగా శవాన్ని కాల్చేసి, మిగిలిన ఎముకలు బూడిద కుండలోనో గాజు పాత్రలోనో పెట్టి పాతేవాళ్లు, శవాన్నే పూడ్చడం తర్వాత పెరిగింది. అలాంటి కుండ దొరికితే అస్థికల కుండ అని రాయాలి, ఖననం అంటే చదివేవాళ్లు శవాన్నే పాతారనుకుంటారు.

శవపేటిక కూడా చూసి వాడాలి. 1999లో లండన్‌లోని స్పిటల్‌ఫీల్డ్స్ అనే పేటలో జరిగిన తవ్వకాల్లో నాలుగో శతాబ్దపు రాతి తొట్టె దొరికింది, దాంట్లో ఆల్చిప్పల బొమ్మలున్న సీసపు పెట్టె, ఆ పెట్టెలో ఓ యువతి, తలకింద బే ఆకులు, ఒంటిమీద బట్టల తాలూకు పట్టుపోగులు, బంగారు జరీ. రెంటినీ శవపేటిక అనేస్తే ఏది రాయో ఏది సీసమో తెలీదు, రాతి తొట్టె, సీసపు పెట్టె అంటే చాలు కదా! అలాగే లండన్‌లోనే హోబర్న్ దగ్గర ఓక్ చెక్క మంచం దొరికిందని 2024లో ప్రకటించారు, దాన్ని పాడె అనకండి. పాడె మోసుకెళ్లడానికి కట్టేది, ఇదేమో చెక్కిన కాళ్లతో, చెక్క మేకులతో బిగించిన మంచం, విడదీసి గోతిలో పెట్టారు.

ఇంకోటి, నగరం కింద శ్మశానం అని రాస్తే రోమన్లు ఊరి మధ్యలోనే పాతారేమో అనిపిస్తుంది. ఊళ్లో పాతకూడదు, కాల్చకూడదు అని వాళ్ల పన్నెండు పట్టికల చట్టంలోనే ఉంది, అందుకే ఊరి బయట దారుల పక్కన పెట్టేవాళ్లు, లండన్ పెరిగి పెరిగి వాటిమీదికొచ్చింది. కాబట్టి అప్పటి ఊరి పొలిమేరలో అని ఒక్క మాట చేర్చండి. శ్మశానం అనండి, వల్లకాడు అన్నా పర్లేదు, రుద్రభూమి మాత్రం వద్దు, అందులో శివుడున్నాడు.