బైబిలు కథ అనగానే బాబు లేచి వెళ్లిపోతున్నాడు

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. నేను క్రైస్తవురాలిని, మా ఆయనవాళ్లు హిందువులు. ఇష్టపడి పెళ్లి చేసుకున్నాం. పిల్లల్ని చర్చికి తీసుకెళితే ఆయన అడ్డు చెప్పరు. బాబుకు పదకొండేళ్లు, పాపకు ఏడు. ఇద్దరిదీ ఒడియా మీడియం. రోజూ రాత్రి ఏడింటికి బైబిలు కథ చదివి, ప్రశ్నలు అడిగి, ఒక వాక్యం కంఠతా పట్టిస్తాను. ఈమధ్య నోవహు జలప్రళయం కథ చెబుతుంటే "ఆ నీళ్లలో చిన్నపిల్లలు కూడా చచ్చిపోయారా? వాళ్లేం పాపం చేశారు?" అన్నాడు బాబు. దేవుణ్నే ప్రశ్నిస్తావా అని ఒకటి వేశాను. అప్పట్నుంచి హోంవర్క్ ఉందని లేచిపోతున్నాడు, వాడి వెనకే పాప. మా అత్తగారు ప్రహ్లాదుడి కథ చెబితే మాత్రం ఇద్దరూ ఆవిడ పక్కలో చేరతారు. తిత్లీ తుపాను కబుర్లూ ఆవిడే చెబుతుంది. వాన పడితే బాబు రాత్రి లైటు ఆర్పనివ్వడు. పిల్లలు నా విశ్వాసానికి దూరమైపోతారేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, వాన సంగతి మీరు చివర్లో మాటవరసకు రాశారు. నాకు అసలు విషయం అక్కడే కనిపించింది. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు మీ గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి మనుషులు పోయారు, వంశధార పొంగింది. అప్పటికి మీ బాబు బాగా చిన్నవాడు, ఏమీ గుర్తుండకపోవచ్చు. కానీ నాయనమ్మ నోట విన్న వరద, అమ్మ చదివిన జలప్రళయం వాడి మనసులో ఒక్కటైపోయి ఉంటాయి. మన ఇంటి మీదికి నీళ్లొస్తే నా గతేమిటని వాడు వాడికి తెలిసిన పద్ధతిలో అడిగాడు. దానికి దెబ్బ పడింది.

ముందు వాడికి సారీ చెప్పండి. కూర్చోబెట్టి ప్రసంగం అక్కర్లేదు. అన్నం పెడుతూ "ఆ రోజు నిన్ను కొట్టకుండా ఉండాల్సింది నాన్నా. ఆ పిల్లల్ని తలుచుకుంటే నాకూ బాధే, నాకూ జవాబు తెలీదు" అంటే చాలు. తర్వాత, ఆగిపోయిన కథ పూర్తి చేయండి. ఆదికాండము 6వ అధ్యాయంలో దేవుడు హృదయంలో నొచ్చుకున్నాడని ఉంది. 9వ అధ్యాయంలో ఇంకెప్పుడూ జలప్రళయంతో భూమిని నాశనం చేయనని మాటిచ్చి మేఘంలో ఇంద్రధనుస్సును గుర్తుగా పెట్టాడు. వానకు జడిసే పిల్లవాడు వినాల్సిన భాగం అదే.

ప్రశ్న అడగడం అవిశ్వాసమని మీకెవరు చెప్పారో గానీ, మీరు చదివే గ్రంథం మాత్రం చెప్పలేదు. నిర్గమకాండము 12లో పస్కా, అంటే ఐగుప్తు నుంచి విడుదలను తలుచుకునే పండుగ, ఆచారం గురించి చెబుతూ, ఇదేమిటని మీ పిల్లలు అడిగితే ఇలా చెప్పండి అని ఉంది. పిల్లలు అడుగుతారని ముందే అనుకున్నారన్నమాట. దేవుడు నాశనం చేయబోతున్న సొదొమ పట్టణం కోసం అబ్రాహాము యాభైమంది నీతిమంతుల దగ్గర మొదలుపెట్టి పదిమంది దాకా దేవుడితో బేరమాడాడు. యేసు పన్నెండేళ్లప్పుడు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని వాళ్లు చెప్పేది వింటూ, ప్రశ్నలు అడిగాడని లూకా రాశాడు. మీవాడికి ఇంకా ఒక ఏడాది తక్కువ, అంతే!

వాడికి తర్వాత యోనా కథ చెప్పండి. చేప దగ్గర ఆపేయకండి, అందరూ అక్కడే ఆపేస్తారు. చివర్లో కుడిఎడమలు తెలియని లక్షా ఇరవై వేలకు పైగా జనమూ, పశువులూ ఉన్న నీనెవె పట్టణం మీద నేను జాలిపడకూడదా అని దేవుడే యోనాను అడుగుతాడు. ఆ పుస్తకం ఆ ప్రశ్నతోనే ముగుస్తుంది. మీ బాబు ఏమంటాడో వినండి, దిద్దకండి.

ఇక అత్తగారి విషయం. పిల్లలు ఆవిడ దగ్గర చేరడం చూసి మతం పోటీ అనుకుంటున్నారు. ఆవిడ కథయ్యాక పరీక్ష పెట్టదు, తేడా అక్కడుంది. పైగా ఒడియా మీడియం పిల్లలకు బైబిలు తెలుగు చదివి వినిపిస్తే సగం అర్థం కాదు. పుస్తకం పక్కనపెట్టి మీరు ఇంట్లో మాట్లాడే మాటల్లో చెప్పండి. వారానికి ఒక్క కథ చాలు. ఆదివారం సండే స్కూల్లో విన్నదే తీసుకుని, బడికి నడిచేటప్పుడో పడుకోబోయేముందో కాస్త కాస్త మాట్లాడుకోండి. ద్వితీయోపదేశకాండము 6 చెప్పేదీ అదే: ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు. కంఠతా వాక్యం మానమనను, కానీ తప్పు చెబితే తిట్టడం మానండి. పిల్లలు ప్రహ్లాదుడి కథ వింటుంటే మీరూ వెళ్లి కూర్చోండి. దసరా, క్రిస్మస్ పద్ధతుల గురించి పిల్లలు అడిగితే ఏం చెప్పాలో మీవారూ మీరూ ముందే మాట్లాడుకోవాలి. "ఆయన అడ్డు చెప్పరు" అంటే ఆయన మనసులో ఏముందో మీకు తెలిసినట్టు కాదు.

లైటు వెలగనివ్వండి. తుపాను కబుర్లు రాత్రిపూట వద్దని అత్తగారికి నెమ్మదిగా చెప్పండి, మీవారి చేత చెప్పిస్తే ఇంకా మంచిది. కొన్ని వారాలైనా భయం తగ్గక నిద్ర చెడుతుంటే బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, అక్కడ చూపించండి. అంతదాకా వెళ్లేముందు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. డబ్బులు పడవు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు.